మాటల దారి (పాఠకుల ప్రశ్నలు): సైన్ మన జేబులో మాటేనా?

ప్రశ్న: టీచర్ గారూ, నమస్తే. నేను బీఎస్సీ మ్యాథ్స్ రెండో ఏడాది చదువుతున్నాను. మా వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. ‘జ్యా’ నుంచి సైన్, ‘కోటిజ్యా’ నుంచి కోసైన్, ‘త్రికోణమితి’ నుంచి ట్రిగనామెట్రీ, ‘జ్యామితి’ నుంచి జామెట్రీ వచ్చాయట. మన మాటలు పలకలేక ఇంగ్లీషువాళ్లు అలా మార్చుకున్నారట. మా వాళ్లలో సగం మంది నిజమంటున్నారు, సగం మంది నవ్వుతున్నారు. జ్యాకీ సైన్‌కీ ఒక్క అక్షరం కూడా కలవదు కదా, అది ఇదెలా అవుతుంది? కోటిజ్యా, కోసైన్ మాత్రం వినగానే నిజమే అనిపించాయి. ఏది నమ్మమంటారు?
— డిగ్రీ విద్యార్థిని

జవాబు: అమ్మా, ఒక్క అక్షరం కూడా కలవని జ్యా, సైన్ జత నిజం. చెవికి అంత బాగా కలిసిన కోటిజ్యా, కోసైన్ జత నిజం కాదు. మిగతా రెండిటి గురించి చివర్లో చెబుతాను. ముందు సైన్ నడిచి వచ్చిన దారంతా చూద్దాం. నాకు తెలిసిన మాటల కథలన్నిటిలో ఇది నాకు ఎక్కువ ఇష్టం.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. వృత్తం మీద రెండు చుక్కలు పెట్టి, వాటిని కలిపే గీతను జ్యా అనేవాళ్లం. ఆ రెండు చుక్కల మధ్య ఉన్న వృత్తం ముక్క చాపం. ఆ పేర్లకు అర్థం ఉంటుందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఒకరోజు ఆ బొమ్మ బోర్డు మీద గీసి, చాక్‌పీసు కింద పెట్టి, క్లాసు వెనక్కి వెళ్లి చూశాను. అక్కడ విల్లు కనిపించింది! చాపం అంటే విల్లు. జ్యా అంటే వింటినారి. మధ్యలో నారి నుంచి వింటి వంపు దాకా నిలబెట్టే చిన్న గీత పేరు శరం, అంటే బాణం. మొత్తం బొమ్మంతా ఎక్కుపెట్టిన విల్లే.

ఇలా చూసింది మనవాళ్లొక్కరే కాదు. ఇంగ్లీషు ‘ఆర్క్’కు మూలం లాటిన్ ‘ఆర్కుస్’, దాని అర్థం విల్లు. ‘కార్డ్’కు మూలం గ్రీకు ‘ఖోర్దే’, అంటే పేగు, పేగుతో పేనిన తీగ. శరాన్ని అరబీలో ‘సహ్మ్’ అన్నారు, లాటిన్‌లో ‘సగిట్టా’ అన్నారు. రెండిటికీ బాణమనే అర్థం. లెన్సులు, అద్దాలు తయారుచేసేవాళ్లు వంపు లోతును ఇప్పటికీ సగిట్టా అనే కొలుస్తారు.

మనవాళ్లు చేసిన వేరే పని ఒకటుంది. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలమీ అనే ఖగోళ పండితుడు ఇచ్చిన పట్టికలో ఉన్నవి పూర్తి జ్యాలు. సంస్కృతంలో సిద్ధాంతాలు, అంటే ఖగోళ గణిత గ్రంథాలు, రాసినవాళ్లు సగం జ్యాను పట్టుకున్నారు. నారిని మధ్యలో రెండు చేస్తే, ఆ సగం నారితో, వృత్తకేంద్రంతో ఒక లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. ప్రతిసారీ కోణాన్ని రెట్టింపు చేసి, జ్యా వెతికి, మళ్లీ సగం చేసే అవస్థ తప్పుతుంది. ఈ రోజు నువ్వు సైన్ అని రాస్తున్నది ఆ సగం నారినే, వ్యాసార్ధంతో భాగించి.

ఆర్యభటుడు 499లో, తన 23వ ఏట, ఈ అర్ధజ్యాల పట్టికను ఒక్క శ్లోకంలో ఇమిడ్చాడు. ‘మఖి భఖి ఫఖి ధఖి’ అని మొదలవుతుంది. మంత్రంలా ఉంటుంది కానీ అవన్నీ అంకెలు. ఆయన పద్ధతిలో ‘మ’ అంటే 25, ‘ఖి’ అంటే 200, కలిపితే మఖి 225. భఖి 224, ఫఖి 222, ధఖి 219. ఒక జ్యాకీ తర్వాతి జ్యాకీ మధ్య తేడాలివి. సున్నా నుంచి 90 డిగ్రీల దాకా 225 కళల చొప్పున, అంటే మూడు డిగ్రీల 45 నిమిషాల చొప్పున, 24 మెట్లు. వ్యాసార్ధం 3438 అనుకుని వేసిన లెక్క. కాలిక్యులేటర్ తీసి 3438ని సైన్ 3.75 డిగ్రీలతో గుణించి చూడు, 225కు వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. నేను మొదటిసారి చేసి చూసిన రోజు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

అర్ధజ్యా అని ప్రతిసారీ అనడం బరువు కాబట్టి వాడుకలో జ్యా అనేశారు. దానికే ‘జీవా’ అని మరో పేరు. అర్థం అదే, వింటినారి. మనకు కావలసింది ఈ రెండో పేరు.

8వ శతాబ్దంలో, ఖలీఫా అల్ మన్సూర్ కాలంలో, భారతీయ ఖగోళ గణితం బాగ్దాద్ చేరి అరబీలోకి వెళ్లింది. అనువదించినవాళ్లు జీవా అనే మాటకు అర్థం వెతకలేదు, చెవికి వినిపించిన శబ్దాన్నే రాసుకున్నారు. పై పళ్లు కింది పెదవికి ఆనించి పలికే ‘వ’ అరబీలో లేదు. దాంతో అది ‘బ’ అయింది, జీవా ‘జీబా’ అయింది.

ఇక్కడే మలుపు ఉంది, నిదానంగా చదువు. అరబీ రాతలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు. ఈ మాటకు వాళ్ల లిపిలో మిగిలేవి జీమ్, యా, బా అనే మూడు అక్షరాలు. మధ్యలోని యా ‘ఈ’ అనే దీర్ఘానికీ గుర్తే, ‘ఐ’లో వినిపించే య శబ్దానికీ గుర్తే. అందుకని ఆ మూడక్షరాలను ‘జీబ్’ అనీ చదవొచ్చు, ‘జైబ్’ అనీ చదవొచ్చు. జీబ్ అనే మాటకు అరబీలో వేరే అర్థమేమీ లేదు, అది పరాయి మాట. జైబ్ మాత్రం అందరి నోళ్లలో నలిగే మాట. అంగీకి మెడ దగ్గరుండే తెరుపు, గుండెల మీద పడే బట్ట మడత. ఆ మడతలో వస్తువులు దాచుకోవచ్చు కదా, అలా ఆ మాటకు ఇంకో అర్థం కూడా వచ్చింది. అది నీకు తెలిసిందే, నీ చుడీదార్‌కు ఉంటుంది: జేబు!

అవును, ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చిన మన జేబు ఆ జైబే. ఒకే రాత రెండు దారులు పట్టింది. ఒక దారిలో బట్టల జేబుగా మన దగ్గరకు వచ్చింది. ఇంకో దారిలో పశ్చిమానికి పోయింది. ఇప్పుడు ఆ రెండో దారి చూద్దాం.

స్పెయిన్‌లోని టొలీడో నగరం 1085లో ముస్లిం రాజుల ఏలుబడి నుంచి క్రైస్తవ రాజుల చేతికి వచ్చింది. అరబీ పుస్తకాలు అక్కడే ఉండిపోయాయి. వాటి కోసం యూరప్ నలుమూలల నుంచి పండితులు వచ్చారు. వాళ్లలో ఒకడు ఇటలీలోని క్రెమోనా ఊరివాడు జెరార్డ్. టాలమీ గ్రంథం లాటిన్‌లో దొరకక, దాని కోసమే టొలీడో వచ్చి, అరబీ నేర్చుకుని, 1175లో దాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. 1187లో పోయేలోపు డెబ్బైకి పైగా గ్రంథాలు అనువదించాడు. 12వ శతాబ్దపు అలాంటి అనువాదకుల ముందు జైబ్ అనే మాట ఉంది. జైబ్ అంటే గుండెల మీది బట్ట మడత. లాటిన్‌లో దానికి సరైన మాట ‘సినుస్’. రోమన్లు కట్టుకునే టోగాలో రొమ్ము మీద వేలాడే మడతకు అదే పేరు, అందులో వాళ్లూ డబ్బు సంచి దాచుకునేవాళ్లు. అనువాదంగా చూస్తే ఇంతకన్నా మంచి మాట దొరకదు.

చాలామంది ఈ కథను లాటిన్ అనువాదకుడి పొరపాటుగా చెబుతారు. అది అన్యాయం అని నా గట్టి అభిప్రాయం. అరబీలో లెక్కలు చదివే పిల్లలు ఈనాటికీ సైన్‌ను జైబ్ అనే అంటారు. మాట అరబీలోనే జైబ్‌గా స్థిరపడిపోయింది. లాటిన్‌వాడు తన ముందున్న మాటకు ఉన్న అర్థం రాశాడు, అంతే. ఆ మాట వెనక ఒక వింటినారి ఉందని అతనికి ఎలా తెలుస్తుంది?

సినుస్ ఇంగ్లీషులో సైన్ అయింది. 1593లో థామస్ ఫేల్ అనే ఇంగ్లీషువాడు నీడ గడియారాలు తయారుచేయడం గురించి రాసిన పుస్తకంలో ఆ మాట ఉంది. జ్యా, జీవా, జీబా, జైబ్, సినుస్, సైన్. ఇందులో ఎక్కడా ఇంగ్లీషువాళ్లకు ‘పలకడం రాక’ మారింది లేదు. జీవా నుంచి జీబా దాకా శబ్దం నడిచింది. జైబ్ నుంచి సినుస్‌కి శబ్దం ఆగిపోయి అర్థం నడిచింది. అందుకే మొదటి మాటకూ చివరి మాటకూ ఒక్క అక్షరం కలవదు. కలవకపోయినా ఇది నిజమని ఎందుకు అంటున్నామంటే, ప్రతి మెట్టుకూ రాత ఉంది కాబట్టి.

ఇక కోసైన్. నీకొక సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ల పాటు నేనూ క్లాసులో ఇదే చెప్పాను. కోటిజ్యా నుంచే కోసైన్ వచ్చిందని, ఎంతో ఇష్టంగా, గర్వంగా చెప్పేదాన్ని. ఒక ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు చెబుతుంటే వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. “టీచర్, కోసైన్ కోటిజ్యా నుంచి వస్తే, కొటాంజెంట్‌లో ‘కో’ ఎక్కడి నుంచి వచ్చింది? కోసీకెంట్‌లో?” అంది. నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతాను, కూర్చో అన్నాను. ఆ రేపు రావడానికి ఆరు వారాలు పట్టింది. లైబ్రరీలో గణిత చరిత్ర పుస్తకాలు వెతికి చదువుకున్నాను.

సంస్కృతంలో కోటి అంటే వింటి కొస. లంబకోణ త్రిభుజంలో భుజ, కోటి, కర్ణం అని మూడు భుజాలకు పేర్లు, కోటిజ్యా ఆ కోటికి సంబంధించిన జ్యా. ఆ భావన మనదగ్గర నిండుగా ఉంది, అందులో అనుమానం అక్కర్లేదు. అయితే ‘కోటి’ అనే శబ్దం పశ్చిమానికి పోయే దారిలో ఎక్కడా కనిపించదు. అరబీలో కోసైన్ పేరు ‘జైబ్ అల్ తమామ్’. తమామ్ అంటే పూర్తి కావడం. 90 డిగ్రీలు పూర్తి కావడానికి ఇంకా ఎంత కోణం కావాలో, ఆ కోణపు జైబ్ అన్నమాట. మన పాఠ్యపుస్తకాల్లో పూరక కోణం అంటామే, అదే. 30కి 60 పూరకం, అందుకే కోసైన్ 30, సైన్ 60 ఒకటే. లాటిన్‌లో దీన్ని ‘సినుస్ కాంప్లెమెంటి’ అన్నారు, పూరకపు సైన్ అని. లండన్ గ్రెషమ్ కాలేజీలో ఖగోళశాస్త్రం చెప్పిన ఎడ్మండ్ గంటర్ 1620లో అచ్చువేసిన పట్టికల్లో ఆ పొడవాటి పేరును కుదించి ‘కో.సినుస్’ అని రాశాడు. కాంప్లెమెంటిలోని మొదటి అక్షరాలే ఆ ‘కో’. అదే పట్టికల్లో ‘కోటాంజెన్స్’ కూడా ఉంది, పూరక కోణపు టాంజెంట్ అని. వెనక బెంచీ అమ్మాయి అడిగినదానికి జవాబు అక్కడుంది. (భూమి కొలిచేవాళ్లకు ఈ గంటర్ ఇంకోలా తెలుసు. 66 అడుగుల సర్వే గొలుసు ఆయనదే. పది చదరపు గొలుసులు ఒక ఎకరం.)

టాంజెంట్ అనే పేరు డెన్మార్క్ గణితజ్ఞుడు థామస్ ఫింకె 1583లో పెట్టాడు, లాటిన్‌లో ‘తాకేది’ అని అర్థం. మనవాళ్లు దాన్ని స్పర్శరేఖ అన్నారు. అది శబ్దం పట్టుకుని రాలేదు, అర్థం పట్టుకుని వచ్చింది.

ఆరు వారాల తర్వాత ఆ అమ్మాయిని లేపి, క్లాసు మొత్తానికీ చెప్పాను, నేను ఇన్నాళ్లూ చెప్పింది తప్పని. అంతకుముందు ఇరవై బ్యాచ్‌ల పిల్లలకు చెప్పే వీలు లేకపోయింది. ఈ శీర్షిక రాస్తారా అని అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకోవడానికి అదొక కారణం.

మిగతా రెండూ. జామెట్రీ గ్రీకు మాట. ‘గే’ అంటే భూమి, ‘మెట్రియా’ అంటే కొలవడం. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈజిప్టులో పొలాలు కొలవడం గురించి రాస్తూ ఆ మాట వాడాడు. ట్రిగనామెట్రీ కూడా గ్రీకు ముక్కలతో 1595లో పిటిస్కుస్ అనే జర్మన్ తన పుస్తకానికి పెట్టుకున్న పేరు. మరి పోలిక ఎక్కడిది? త్రి, ట్రి ఒక తల్లి బిడ్డలు. మితి, మెట్రీ కూడా అంతే, కొలవడం అనే ఒకే పాత ధాతువు రెండు భాషలకూ వారసత్వంగా వచ్చింది. అక్కాచెల్లెళ్ల ముఖాలు కలిస్తే ఒకరు ఇంకొకరి కూతురని అనం కదా! కోణానికి గ్రీకు మాట ‘గోనియా’. దాని దగ్గరి చుట్టం గ్రీకులో మోకాలికి ఉన్న పేరు, ఆ మోకాలి పేరుకు సంస్కృతంలో తోబుట్టువు ‘జాను’. ఇంగ్లీషు ‘నీ’ కూడా ఆ కుటుంబమే. కోణాన్ని వాళ్లు వంచిన మోకాలిలా చూశారు.

ఆ మెసేజ్‌లో నాకు ఎక్కువ బాధ కలిగించింది తప్పులు కాదమ్మా. అందులో ఆర్యభటుడి పేరు లేదు. సగం జ్యాను పట్టుకున్న ఆలోచన లేదు, 24 మెట్ల పట్టిక లేదు. శబ్దం కలిసిందని చెప్పుకునే తొందరలో అసలు చెప్పుకోవలసింది వదిలేశారు. గ్రూపులో నవ్వేవాళ్లకు మఖి అంటే ఎంతో లెక్క వేసి చూపించు.

ప్రశ్న: నాకు చాలాకాలంగా సైనస్ ఉంది. మా అబ్బాయి లెక్కల్లో సైన్‌కూ, నా ముక్కు సైనస్‌కూ సంబంధం ఉందా మేడమ్? ఊరికే తెలుసుకుందామని.
— ఒక తల్లి

జవాబు: ఉందండీ, రెండూ అదే సినుస్. లాటిన్‌లో దానికి మడత అనే కాక వంపు, లోపలికి తొలిచినట్టున్న ఖాళీ అనే అర్థాలు కూడా ఉన్నాయి. ముఖం ఎముకల్లో ముక్కుకు అటూ ఇటూ గాలి నిండిన గదులుంటాయి. శరీరశాస్త్రం రాసినవాళ్లు వాటికి ఆ పేరు పెట్టారు. సైనస్ ప్రతి ఒక్కరికీ ఉంటుంది. మీకున్నది దాని వాపు, డాక్టర్లు సైనసైటిస్ అనేది దాన్నే. వాడుకలో జబ్బుకూ సైనస్ అనేస్తాం.

నేల లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు వంపు కూడా లాటిన్‌లో సినుస్సే. పాత లాటిన్ పటాల్లో మన బంగాళాఖాతం పేరు ‘సినుస్ గాంజెటికుస్’, గంగా అఖాతం. చంద్రుడి మీద ‘సినుస్ ఇరిడుమ్’ ఉంది, ఇంద్రధనుస్సుల అఖాతం అని. మంచి టెలిస్కోపు ఉంటే అర్ధచంద్రాకారంలో వంగిన దాని అంచు చూడొచ్చు. ఒకరి మనసులోకి మాటలతో మెల్లగా, మెలికలు తిరుగుతూ చొరబడడాన్ని ఇంగ్లీషులో ఇన్సినుయేట్ అంటారు. అందులోనూ ఉన్నది ఈ వంపే.

ప్రశ్న: జీవా అంటే వింటినారి అని గత నెల ఒకచోట రాశారు. జీవం అంటే ప్రాణం కదా? నారికి ప్రాణం పేరెందుకు పెట్టారు? బిగించిన నారి కదులుతుంది కాబట్టా?
— విశ్రాంత తెలుగు పండితుడు

జవాబు: పండితులవారికి నమస్కారం. మీరు చెప్పిన కారణం అందంగా ఉంది కానీ, ప్రాణం పేరును నారికి పెట్టారని నేను అనుకోవడం లేదు. నారికి అసలు పేరు జ్యా. దానికి గ్రీకులో తోబుట్టువు ‘బియోస్’, అక్కడ నారి నుంచి అర్థం మొత్తం వింటికి పాకింది. ఇక జీవం అనే మాటకూ గ్రీకు తోబుట్టువు ఉంది, అదీ ‘బియోసే’! బయాలజీలో వినిపించే ‘బయో’ అదే. పాత ధాతువులో మొదట ఉన్న శబ్దం మన వైపు ‘జ’ అయింది, గ్రీకు వైపు ‘బ’ అయింది. అందుకని ఇక్కడ జ్యా, జీవ పక్కపక్కన కనిపిస్తాయి, అక్కడ రెండూ దాదాపు ఒకటైపోయాయి. గ్రీకులో ఆ రెండు మాటలకూ తేడా ఒక్క స్వరంలోనే. విల్లు అన్నప్పుడు చివరి అచ్చు మీద ఊనిక, బతుకు అన్నప్పుడు మొదటి అచ్చు మీద. హెరాక్లిటస్ అనే పాత గ్రీకు తత్వవేత్త దీని మీదే శ్లేష కట్టాడు: వింటికి పేరు బతుకు, పని చావు అని. మన శతక కవులకు ఈ జత దొరికి ఉంటే ఎన్ని పద్యాలు వచ్చేవో అనిపిస్తుంది. గ్రీకు వైపు నుంచి ఇంత చక్కని శ్లేష దొరికింది కాబట్టి, సంస్కృతంలో నారిని జీవా అన్నవాళ్ల చెవుల్లోనూ ప్రాణం అనే అర్థం మోగి ఉంటుందని మీరు అనుకుంటే నేను కాదనను.

ప్రశ్న: సున్నా మనదే కదా, మరి ‘జీరో’లో సున్నా ఎక్కడుంది? ఇదీ సైన్ లాంటి కథేనా?
— ఎనిమిదో తరగతి విద్యార్థి

జవాబు: మంచి ప్రశ్న బాబూ. ఇది సైన్ కథకు సరిగ్గా తిరగబడిన కథ.

సంస్కృతంలో శూన్యం అంటే ఖాళీ. అదే ప్రాకృతంలో ‘సుణ్ణ’ అయి, తెలుగులో సున్న అయింది. అరబ్బులు జీవాను విన్నట్టే రాసుకున్నారని పైన అక్కగారికి చెప్పాను కదా, శూన్యం దగ్గర మాత్రం అలా చేయలేదు. ఈ మాటకు అర్థం పట్టుకుని తమ భాషలో ఖాళీకి ఉన్న మాటను పెట్టారు: ‘సిఫ్ర్’. యూరప్‌వాళ్ల దగ్గరకు వెళ్లాక అర్థం ఆగి, శబ్దం నడిచింది. ఇటలీలో పీసా ఊరివాడు లియొనార్దో, మనం ఫిబొనాచీ అనేది ఆయన్నే, 1202లో రాసిన లెక్కల పుస్తకంలో తొమ్మిది భారతీయ అంకెలు చూపించి, వాటితో పాటు అరబీలో ‘జెఫిరుమ్’ అనే గుర్తు ఉందని రాశాడు. సిఫ్ర్‌కు లాటిన్ తోక తగిలిస్తే జెఫిరుమ్. అది ఇటాలియన్‌వాళ్ల నోళ్లలో అరిగి అరిగి ‘జీరో’ అయింది, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరింది.

అదే సిఫ్ర్ ఇంకో దారిలో ఇంకొంచెం ముందే ఇంగ్లీషులోకి వచ్చింది, ‘సైఫర్’గా. మొదట దానికీ సున్న అనే అర్థం. తర్వాత ఏ అంకెనైనా సైఫర్ అన్నారు, ఫ్రెంచిలో ‘షిఫ్ర్’, జర్మన్‌లో ‘త్సిఫర్’ ఇప్పటికీ అంకె అనే అర్థంలోనే ఉన్నాయి. అంకెలతో రహస్యంగా రాసే రాతకు కూడా అదే పేరు వచ్చింది. రహస్య రాతను విప్పి చదవడాన్ని డిసైఫర్ అంటారు.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: జీరోలో సున్న శబ్దం లేదు, అర్థం ఉంది. సైన్‌లో జ్యా శబ్దమూ లేదు, అర్థమూ లేదు, లెక్క మాత్రం ఉంది. పై తరగతుల్లో సైన్ వచ్చినప్పుడు ముందు వృత్తం గీసి అందులో విల్లును వెతుక్కో. ఆ బొమ్మ గీసి నాకు పంపిస్తే వచ్చే నెల ఈ పేజీలోనే వేయమని అడుగుతాను.